పులివెందుల రాతినార పట్టీ: ఒక కేస్ స్టడీ

కడప జిల్లా పులివెందుల చుట్టుపక్కల రాతినార, అంటే క్రిసోటైల్ ఆస్బెస్టాస్, దొరుకుతుందని జియాలజీ చదివినవాళ్లందరికీ తెలుసు. పాఠ్యపుస్తకాల్లో అది ఒక్క వాక్యంలో అయిపోతుంది: వేంపల్లె డోలమైట్‌లోకి (మెగ్నీషియం ఉన్న, సున్నపురాయి లాంటి రాయి) డోలరైట్ సిల్ (పొరల మధ్య పలకలా చొరబడి గట్టిపడిన నల్లటి మాగ్మా రాయి) చొచ్చుకొచ్చిన చోట సర్పెంటైన్ అనే ఆకుపచ్చ ఖనిజం ఏర్పడింది, అందులో నార పెరిగింది. మాట నిజమే. కానీ ఆ ఒక్క మాట పట్టుకుని ఫీల్డ్‌కి వెళ్తే ఇబ్బంది పడతాం. సిల్ అంచు కిలోమీటర్ల కొద్దీ కనిపిస్తూనే ఉంటుంది, నార మాత్రం అక్కడక్కడా, అదీ సన్నటి పట్టీల్లో దొరుకుతుంది. మిగతా చోట్ల అదే డోలమైట్, అదే డోలరైట్ ఆనుకుని ఉన్నా ఏమీ ఉండదు.

మా పని గని తెరవడం కాదు. పాత తవ్వకాలు, వాటి డంపులు (తవ్వి పోసిన రాళ్ల కుప్పలు), ఆ తవ్వకాల కింద, పక్కన నేల లోపల కొనసాగే నార జోన్, ఈ మూడింటినీ ఒకే మ్యాపు మీదికి తేవాలి. ఈ ప్రాంతంలో ఇప్పటికీ ముగ్గురాయి (బెరైటీస్) తవ్వుతున్నారు, తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది, బోర్లు వేస్తున్నారు, కంకరకు రాయి కొడుతున్నారు. వీళ్లలో ఎవరైనా తెలియక నార ఉన్న రాయిలోకి దిగితే దుమ్ము పీల్చేది అక్కడి కూలీలే. ఒకప్పుడు నారను వెతకడానికి పోగుచేసిన సమాచారమంతా ఇప్పుడు దాని జోలికి పోకుండా ఉండటానికి పనికొస్తుంది. అందుకే పాత అన్వేషణ చరిత్రను శ్రద్ధగా చదవాల్సి వచ్చింది.

రాళ్ల వరస

కడప బేసిన్ నెలవంక ఆకారంలో దాదాపు 44,500 చదరపు కిలోమీటర్లు పరుచుకున్న ప్రొటెరోజోయిక్ (భూచరిత్రలో చాలా పాత కాలపు) అవక్షేపాల బేసిన్. పులివెందుల దాని నైరుతి అంచున ఉంది. అన్నిటికంటే అడుగున గ్రానైట్, నైస్ శిలలు. వాటి మీద గుల్చెరు క్వార్ట్‌జైట్, దాని మీద వేంపల్లె ఫార్మేషన్. ఈ రెంటినీ కలిపి పాపాఘ్ని గ్రూప్ అంటాం. ఆపైన చిత్రావతి గ్రూప్ పులివెందుల క్వార్ట్‌జైట్‌తో మొదలవుతుంది. పొరల వాలు తక్కువ, ఈశాన్యం వైపు.

మనకు కావాల్సింది వేంపల్లె. మందం దాదాపు 1,900 మీటర్లు. ఎక్కువ భాగం డోలమైట్, మధ్యమధ్యలో షేల్, పై భాగంలో లావా ప్రవాహాలు, వాటికి తోడు సిల్స్. డోలమైట్‌లో చాలా చోట్ల స్ట్రోమటోలైట్లు ఉన్నాయి. లోతు తక్కువ సముద్రపు అడుగున సూక్ష్మజీవుల పొరలు కట్టిన గుమ్మటాలవి. రాతినారకు సంబంధించి అంతకంటే ముఖ్యమైనది చెర్ట్. వేంపల్లె డోలమైట్‌లో చెర్ట్ పలచటి పట్టీలుగా, గడ్డలుగా తరచూ వస్తుంది. చెర్ట్ అంటే దాదాపు శుద్ధమైన సిలికా. మెగ్నీషియం డోలమైట్‌లో ఉంది, సిలికా పక్కనే చెర్ట్‌లో ఉంది. ఇక కావాల్సింది వేడి, నీళ్లు.

ఆ వేడి డోలరైట్ నుంచి వచ్చింది. పులివెందుల సిల్ వయసు రెండు వేర్వేరు పద్ధతుల్లో తేలింది. ఫ్లోగోపైట్ అనే అభ్రకం రకపు ఖనిజం మీద ఆర్గాన్ పద్ధతిలో 2003లో 189.9 కోట్ల సంవత్సరాలు వచ్చింది, తేడా అటూ ఇటూ 2 కోట్లు. బాడెలియైట్ అనే ఖనిజం మీద యురేనియం–సీసం పద్ధతిలో 2008లో 188.5 కోట్ల సంవత్సరాలు వచ్చింది, తేడా 31 లక్షల సంవత్సరాలే. రెండూ ఒకదానికొకటి సరిపోతున్నాయి. ఇదే కాలపు డైకులు (పొరలను కోసుకుంటూ గోడలా చొరబడ్డ మాగ్మా రాళ్లు) బస్తర్ దక్షిణ భాగంలోనూ ఉన్నాయి. అంటే పులివెందుల దగ్గర మనం చూసే నల్లరాయి ఒంటరి సంఘటన కాదు, మధ్య, దక్షిణ భారతంలో ఒకే సమయంలో జరిగిన పెద్ద మాగ్మా ఘట్టంలో ముక్క. నార వయసు సిల్ కంటే ఎక్కువ ఉండే వీల్లేదు.

నార ఎలా పుట్టింది

మూడు మోల్స్ డోలమైట్, రెండు మోల్స్ సిలికా, రెండు మోల్స్ నీళ్లు కలిస్తే ఒక మోల్ సర్పెంటైన్, మూడు మోల్స్ కాల్సైట్, మూడు మోల్స్ కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. కాగితం మీద సులువుగా కనిపించే ఈ రియాక్షన్‌లో రెండు కీలకమైన షరతులున్నాయి.

మొదటిది, పుట్టిన కార్బన్ డయాక్సైడ్ బయటికి పోవాలి. ద్రవంలో దాని శాతం కాస్త పెరిగినా సర్పెంటైన్ నిలవదు, దాని బదులు టాల్క్, కాల్సైట్ వస్తాయి. కడప బేసిన్‌లో ఇది కళ్లకు కనిపించే విషయం. ఇదే వేంపల్లె డోలమైట్, ఇలాంటి సిల్స్ ఉన్న కర్నూలు వైపు, బేతంచెర్ల, ముద్దవరం ప్రాంతాల్లో బలపపురాయి, అంటే స్టియటైట్, గనులున్నాయి. రాళ్లు అవే అయినా ఒక చోట టాల్క్, ఇంకో చోట క్రిసోటైల్. నా అంచనాలో తేడా తెచ్చింది నీళ్ల రాకపోకలే. పగుళ్లు ఎక్కువగా ఉండి, నీళ్లు పారుతూ గ్యాస్‌ను మోసుకుపోయిన చోట సర్పెంటైన్ మిగిలింది.

రెండోది, సర్పెంటైన్ అయినంత మాత్రాన నార కాదు. పైన చెప్పిన రియాక్షన్‌లో ఘనపదార్థాల పరిమాణం లెక్కేస్తే ముందుకంటే దాదాపు 8 శాతం తగ్గుతుంది. రాయి కుంచించుకుంటే పగుళ్లిస్తుంది. దానికి తోడు సిల్ చల్లబడేటప్పుడు పై పొరలు కదులుతాయి. ఈ పగుళ్లలోకి సర్పెంటైన్‌కు కావాల్సినవి కరిగి ఉన్న ద్రవాలు చేరి, గోడ నుంచి గోడకు అడ్డంగా నార పెరిగింది. దీన్నే క్రాస్ ఫైబర్ అంటారు. నార పొడవు పగులు వెడల్పును మించదు కాబట్టి పగులు ఎంత తెరుచుకుంటే నార అంత పొడవు.

క్రిసోటైల్ నారగా ఎందుకు పెరుగుతుందన్నది దాని అణువుల అమరికలోనే ఉంది. సిలికా షీటు, మెగ్నీషియం–హైడ్రాక్సిల్ షీటు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. మెగ్నీషియం షీటు కొంచెం పెద్దది. ఆ తేడాను సర్దుకోవడానికి రెండూ కలిసి చాప చుట్టినట్టు చుట్టుకుంటాయి. అలా ఏర్పడ్డ గొట్టం మందం దాదాపు 25 నానోమీటర్లు. మన కంటికి ఒక్క పోగులా కనిపించేది అలాంటి గొట్టాల పెద్ద కట్ట. దాన్ని విప్పుతూ పోతే కంటికి కనపడనంత సన్నగా చీలుతూనే ఉంటుంది. ఈ గుణం వల్లే దాన్ని నేయగలిగారు, ఈ గుణం వల్లే అది ఊపిరితిత్తుల లోతుల్లోకి చేరుతుంది.

పులివెందుల నారకు ఇంకో విశేషం ఉంది. కెనడాలోని క్యూబెక్ గనుల్లో క్రిసోటైల్ అల్ట్రామాఫిక్ (సిలికా బాగా తక్కువ, మెగ్నీషియం, ఇనుము ఎక్కువ ఉన్న) రాళ్లలో పుట్టింది. ఆ రాళ్లలో ఇనుము ఎక్కువ కాబట్టి నారతో పాటు మాగ్నెటైట్ (అయస్కాంతానికి అంటుకునే ఇనుప ఖనిజం) రేణువులు వస్తాయి. ఇక్కడ తల్లిరాయి డోలమైట్, అందులో ఇనుము చాలా తక్కువ. అందుకే ఈ నార కరెంటు ఇన్సులేషన్‌కు బాగా పనికొస్తుందని పేరు పొందింది. ప్రపంచంలో దీనికి దగ్గరి పోలిక అమెరికాలోని అరిజోనాలో, గిలా కౌంటీలో ఉంది. అక్కడ మెస్కల్ లైమ్‌స్టోన్‌లోకి డయాబేస్ (డోలరైట్‌కే ఇంకో పేరు) సిల్స్ చొరబడి ఇలాంటి ఇనుము లేని నారే పుట్టింది. సిల్ పొరలకు సమాంతరంగా నిదానంగా పోయిన చోట కాకుండా, పొరలను కోసుకుంటూ మెట్టెక్కిన చోట, పక్కనే చిన్న మడతలున్న చోట నార ఎక్కువని అక్కడ తేలింది. పులివెందుల పట్టీని చదవడానికి నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చినది ఈ సంగతే.

ఎవరెవరు చూశారు, ఏం చూశారు

ఈ ప్రాంతానికి తొలి సమగ్ర జియాలజీ మ్యాపు విలియం కింగ్ వేసింది. జియలాజికల్ సర్వే తరఫున కడప, కర్నూలు ఫార్మేషన్ల మీద ఆయన మెమాయిర్ 1872లో వచ్చింది. ఇప్పటికీ మనం వాడే గ్రూపుల విభజనకు పునాది అదే. నదుల పేర్లు, ఊళ్ల పేర్లు రాళ్లకు పెట్టింది ఆయనే. ట్రాప్ రాళ్లు (డోలరైట్ లాంటి నల్లరాళ్లు) ఎక్కడెక్కడ వేంపల్లె పొరల్లో దూరాయో ఆ మ్యాపులోనే కనిపిస్తుంది. ఖనిజాల వేటకు ఆయన రాలేదు, పొరల వరస తేల్చడానికి వచ్చారు. కానీ కాంటాక్ట్ (రెండు రాళ్లు ఆనుకునే) రేఖలు సరిగ్గా పడ్డాక ఖనిజం వెతికేవాడి పని సగం అయిపోయినట్టే.

ఆ మిగతా సగం ఏ.ఎల్. కూల్సన్ చేశారు. 1933లో దత్త మండలాల బెరైటీస్ మీద, 1934లో అవే మండలాల ఆస్బెస్టాస్ మీద ఆయన రాసిన మెమాయిర్లు జియలాజికల్ సర్వే ప్రచురణల 64వ సంపుటంలో ఉన్నాయి. ఈ రెండూ కలిపి చదవాలి. ముగ్గురాయి సిరలు, రాతినార రెండూ అదే వేంపల్లె, అవే సిల్స్ పరిసరాల్లో వస్తాయి కాబట్టి ఆయన ఒకే నేల మీద రెండు రకాలుగా నడిచారు. పులివెందుల తాలూకాలో బ్రాహ్మణపల్లె పేరు నార విషయంలో అప్పటి నుంచే ముందుంది. అప్పటికి అవన్నీ చిన్న తవ్వకాలు. ఔట్‌క్రాప్ (రాయి నేలపైకి తేలిన చోటు) దగ్గర మొదలుపెట్టి, పొర వాలు వెంట లోపలికి దిగేవారు. నార పట్టీ సన్నగా ఉంటే మనిషి వంగి పోయేంత ఎత్తే తవ్వేవారు. మనం ఈరోజు ఫీల్డ్‌లో చూసే ఇన్‌క్లైన్ల (ఏటవాలు సొరంగాల) నోళ్లు, కూలిన కప్పులు ఈ పద్ధతి ఆనవాళ్లే.

కూల్సన్ కాలం మ్యాపుల్ని ఈనాటి కోఆర్డినేట్ల మీదికి తేవడంలో ఓపిక కావాలి. అప్పటి స్కేలు మైలుకు అంగుళం, దూరాలు ఫర్లాంగుల్లో, ఊరి నుంచి దిక్కు చెప్పి వదిలేస్తారు. మేము 57 జె/3 టోపోషీటును ఆధారంగా పెట్టుకుని, చెరువు కట్టలు, గుట్టల శిఖరాలు, వాగులు కలిసే చోట్లను కంట్రోల్ పాయింట్లుగా తీసుకున్నాం. గుడి, బావి లాంటివి మారే అవకాశం ఉంది, గుట్ట శిఖరం మారదు. ఇలా సరిచేసిన రేఖల మీద శాటిలైట్ ఇమేజ్ వేస్తే పాత డంపులు లేత రంగు మచ్చలుగా బయటపడ్డాయి.

స్వాతంత్ర్యం తర్వాత నారకు గిరాకీ పెరిగింది. సిమెంట్ రేకులు, బ్రేక్ లైనింగులు, ఇన్సులేషన్, అగ్గికి తట్టుకునే బట్ట, అన్నిటికీ ఇది కావాలి. దేశానికి కావాల్సిన నారలో ఎక్కువ భాగం దిగుమతే. లోపల రాజస్థాన్‌లో దొరికేది ఎక్కువగా ట్రెమొలైట్ (ఇంకో ఖనిజపు పెళుసు నార) రకం. క్రిసోటైల్‌కు పేరున్నది పులివెందుల. ఇంత గిరాకీ ఉన్నా ఇక్కడ పెద్ద గని రాకపోవడానికి కారణం జియాలజీలోనే ఉంది. నార జోన్ మందం తక్కువ, అది సాగుతుంది, సన్నబడుతుంది, ఉన్నట్టుండి తెగిపోతుంది. మెషీన్లు పెట్టి తవ్వడానికి కావాల్సిన నిలకడ దానికి లేదు.

ఫీల్డ్‌లో ఏం కనిపించింది

ఒక పాత గుంత గోడను దగ్గరగా చూపిస్తాను, మిగతావి చాలావరకు దీని మార్పులే. అన్నిటికంటే పైన మామూలు బూడిద రంగు డోలమైట్, చెర్ట్ పట్టీలతో. కిందికి దిగుతుంటే రంగు తెల్లబడి గింజలు పెద్దవవుతాయి, చెర్ట్ పట్టీల అంచులు కరిగినట్టు మసకబారుతాయి. ఇక్కడ యాసిడ్ చుక్క వేస్తే పైన కంటే చురుగ్గా పొంగుతుంది. డోలమైట్ పోయి కాల్సైట్ వస్తోందని దాని అర్థం. దాని కింద లేత పసుపు–ఆకుపచ్చ సర్పెంటైన్ పట్టీలు, వాటి మధ్య నార సిరలు. ఎక్కువ భాగం కొన్ని మిల్లీమీటర్ల మందం, మంచి సిరల్లో ఒకటి రెండు సెంటీమీటర్లు. సిరలు పొరలకు సమాంతరంగా ఒకదాని కింద ఒకటి. కొన్ని సిరల మధ్యలో సన్నటి గీత ఉంది, నార రెండు గోడల నుంచి పెరిగి అక్కడ కలిసింది. ఆ కింద డోలరైట్, అంచున గింజలు కంటికి కనపడనంత సన్నం, లోపలికి పోయేకొద్దీ ముతక. అంటే వేడి మాగ్మా చల్లటి రాయిని తాకి చటుక్కున గట్టిపడిన అంచు చెక్కు చెదరకుండా ఉంది.

చిన్నప్పుడు ఈ గుంతల్లో పనిచేసిన ఒక పెద్దాయన మాతో నడిచారు. "పెద్దాయనా, ఎంత లోతు దాకా తవ్వేవాళ్లు?" అని అడిగితే, "నల్లరాయి తగిలే దాకా సార్. అది తగిలిందంటే ఇంగ నార ల్యాదు" అన్నారు. ఆ గుంత వరకు అది అక్షరాలా నిజం, సిల్ పై అంచే అక్కడ తవ్వకానికి నేల. ఆయన ఇంకో మాట కూడా చెప్పారు. నల్లరాయి మెట్టులా పైకి లేచిన చోట నార బాగా పడేదట. అరిజోనా గురించి చదివిన సంగతి ఈ మనిషికి పని అనుభవంతో తెలుసు. ఆ తర్వాత మేము కాంటాక్ట్ వెంట నడుస్తూ సిల్ పొర మార్చిన ప్రతి చోటా గుర్తు పెట్టుకుంటూ వెళ్లాం. పాత గుంతలు ఎక్కువగా గుమిగూడింది ఆ చోట్లే.

మట్టి కప్పేసిన భాగంలో గ్రౌండ్ మాగ్నెటిక్ సర్వే చేశాం. ఇక్కడ ఒక హెచ్చరిక. అల్ట్రామాఫిక్ ఆస్బెస్టాస్ మీద మాగ్నెటోమీటర్ పట్టుకెళ్తే మాగ్నెటైట్ వల్ల ఖనిజ జోనే ఎనామలీ (చుట్టుపక్కల కంటే తేడాగా ఉన్న రీడింగు) ఇస్తుంది. పులివెందులలో సర్పెంటైన్‌లో మాగ్నెటైట్ దాదాపు లేదు. ఎనామలీ ఇచ్చేది డోలరైట్. కాబట్టి రీడింగులు పెరిగిన చోట కాకుండా, అవి పెరగడం మొదలయ్యే అంచును పట్టుకోవాలి. ఈ తేడా తెలియకుండా డేటా చూసేవాళ్లు సిల్ నడిబొడ్డును నార జోన్ అనుకునే ప్రమాదం ఉంది.

శాంపిళ్ల విషయంలో మేము రాజీ పడలేదు. నార రాయిని పొడిగా సుత్తితో కొట్టకూడదు. ముందు స్ప్రేయర్‌తో తడపాలి, మంచి ఫిల్టర్ మాస్క్ వేసుకోవాలి, ముక్కను తడిగానే రెండు కవర్లలో పెట్టి సీల్ చేయాలి, బట్టలు అక్కడే మార్చుకోవాలి. ఫీల్డ్‌లో చూడగానే క్రిసోటైల్‌ను గుర్తుపట్టొచ్చు, పోగు మెత్తగా వంగుతుంది. ట్రెమొలైట్ అయితే పెళుసుగా పుల్లలా విరుగుతుంది. కానీ రిపోర్టులో రాయడానికి కంటి చూపు చాలదు. ల్యాబులో పోలరైజింగ్ మైక్రోస్కోపు కింద క్రిసోటైల్ వక్రీభవన సూచిక 1.55 దగ్గర ఉంటుంది, ట్రెమొలైట్‌ది 1.60 పైన. ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌లో సర్పెంటైన్ మొదటి పీక్ 7.3 ఆంగ్‌స్ట్రామ్ దగ్గర, యాంఫిబోల్ (ట్రెమొలైట్ చేరే ఖనిజ కుటుంబం) పీక్ 8.4 దగ్గర వస్తాయి. చెర్ట్ ఎక్కువగా, సిల్‌కు బాగా దగ్గరగా ఉన్న చోట ట్రెమొలైట్‌ను ప్రత్యేకంగా వెతకాలి. సిలికా మిగిలిపోయి, వేడి ఎక్కువైతే అటే మొగ్గుతుంది.

అన్వేషణ ఎందుకు ఆగింది

అన్ని రకాల ఆస్బెస్టాస్‌నూ, క్రిసోటైల్‌తో సహా, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ గ్రూప్ 1లో పెట్టింది. మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని రుజువైనవాటి జాబితా అది. ఆస్బెస్టోసిస్ (నార దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు), ఊపిరితిత్తుల క్యాన్సర్, మెసోథెలియోమా (ఎక్కువగా ఊపిరితిత్తుల పైపొరకు వచ్చే క్యాన్సర్) చాలావరకు దుమ్ము పీల్చిన 20, 30, 40 ఏళ్ల తర్వాత బయటపడతాయి. గని మూసేసిన తరం తర్వాత కూలీ ఆస్పత్రికి వెళ్తాడు, అప్పటికి అతను ఎక్కడ పనిచేశాడో రాసిన కాగితం కూడా ఉండదు. 1995లో వినియోగదారుల విద్య, పరిశోధన కేంద్రం వేసిన కేసులో సుప్రీంకోర్టు సరిగ్గా ఈ విషయాన్నే పట్టించుకుంది. ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డును పనిలో చేరినప్పటి నుంచి 40 ఏళ్లు, లేదా రిటైరైన తర్వాత 15 ఏళ్లు, ఏది ఆలస్యమైతే అంతవరకు ఉంచాలంది. చిన్న గుంతల్లో దినకూలికి నార ఏరినవాళ్లకు అలాంటి రికార్డు ఎవరు రాస్తారు? ఈ పట్టీలో నన్ను అన్నిటికంటే కలచివేసే ప్రశ్న ఇదే.

కేంద్ర ప్రభుత్వం 1986లో కొత్త లీజులు ఇవ్వడం ఆపింది, 1993లో ఉన్న లీజుల రెన్యువల్ ఆపింది. లీజు రాదంటే డ్రిల్లింగ్‌కు డబ్బు పెట్టేవాళ్లుండరు. దాంతో నార గురించి కొత్త సమాచారం రావడం తగ్గిపోయింది. కానీ అదే వేంపల్లెలో యురేనియం, ముగ్గురాయి కోసం పని సాగుతూనే ఉంది. నార అన్వేషణ ఆగినంత మాత్రాన నార ఉన్న రాయిని తాకడం ఆగలేదు.

ఒక చిన్న మాట, చాలామంది అడుగుతారు కాబట్టి. ఇళ్లలో పరిచే నల్ల కడప రాయికీ దీనికీ సంబంధం లేదు. అది నార్జీ లైమ్‌స్టోన్, కర్నూలు గ్రూపుకు చెందిన, చాలా తర్వాతి కాలపు రాయి. అందులో ఈ డోలరైట్ సిల్స్ లేవు, ఈ రియాక్షన్ జరగలేదు. దాని గురించి టెన్షన్ అక్కర్లేదు.

మ్యాపు మీద చివరికి ఏం పెట్టాం

సిల్ కాంటాక్ట్ మొత్తాన్నీ ప్రమాద జోన్ అని గీసేస్తే పని సులువే, కానీ ఎవరూ పాటించరు. కిలోమీటర్ల కొద్దీ నేలను ఊరికే నిషేధించినట్టవుతుంది. అందుకే సర్పెంటైన్ కంటికి కనిపించినవి, పాత తవ్వకం ఉన్నవి, సిల్ పొర మార్చినవి మాత్రమే ఎరుపులో వేశాం. ఈ మూడూ లేని కాంటాక్ట్ పసుపులో. ఎరుపు రేఖలను ఔట్‌క్రాప్ దగ్గర ఆపకుండా, పొర వాలును బట్టి ఈశాన్యం వైపు నేల కింద ఎంత లోతుకు పోతాయో సెక్షన్లు గీసి చూపించాం. బోరు వేసేవాడికి కావాల్సింది ఆ లోతే.

డంపులను విడిగా గుర్తించాం. మా దృష్టిలో గుంతల కంటే అవే ముందు పట్టించుకోవాల్సినవి. గుంతలోని నార రాయిలో బిగుసుకుని ఉంటుంది, డంపులోది ఎప్పుడో పగిలిపోయి ఎండకు వదులై ఉంటుంది. ఆ కంకరను బాటలకు, గోడలకు ఎత్తుకుపోకుండా చూడాలి. మట్టి కప్పి, గడ్డి పట్టేలా చేసి, వర్షపు నీళ్లు కోసుకుపోకుండా రాతి కట్ట వేయాలని రాశాం.

డ్రిల్లర్లకు ఇచ్చిన సూచనలు ఒక పేజీలో సరిపోయాయి. ఎరుపు జోన్‌లో గాలితో డ్రిల్ చేయకూడదు, నీళ్లతోనే చేయాలి. కోర్‌లో (డ్రిల్ బయటికి తెచ్చే రాతి కడ్డీలో) తెల్లటి, గింజలు పెద్దవైన డోలమైట్ కనపడగానే సర్పెంటైన్ దగ్గర్లో ఉందనుకుని మాస్కులు వేసుకోవాలి, పసుపు–ఆకుపచ్చ రాయి వచ్చేదాకా ఆగకూడదు. కోర్ బాక్సుల్ని తడిపి ఉంచి లాగ్ చేయాలి. లాగ్‌షీట్‌లో నార కోసం విడిగా ఒక కాలమ్ ఉండాలి, నార లేకపోతే లేదని రాయాలి తప్ప ఖాళీగా వదలకూడదు. డ్రిల్లింగ్ స్లడ్జ్‌ను గుంతలో నింపి, అదే రోజు మట్టితో కప్పాలి.